కుడి కనుబొమ మీద గీత

28 అక్టోబర్ 2025, మంగళవారం

సమన్లు వచ్చాయి. నవంబర్ 24, సోమవారం, ఉదయం పదిన్నరకి కోర్టులో ఉండాలి. రెండో సాక్షిని. ఇంటిపేరు తప్పుగా రాశారు. అయినా సంతకం పెట్టి తీసుకున్నాను.

మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలి. ఎవరికీ చూపించడానికి కాదు, ఆ రోజు తడబడకుండా ఉండటానికి.

పోయిన డిసెంబర్ 11, బుధవారం. తెల్లవారి అయిదూ నలభై. మంచు. నేను రోజూ నడిచే కళింగపట్నం రోడ్డు, మా మలుపు దాటాక వచ్చే బియ్యం మిల్లు గోడ పక్కన. చేపల బుల్లమ్మ ఎదురొచ్చి, "అమ్మా, నెత్తళ్ళు తాజావి. నువ్వు కాలేజీకి ఎల్లేలోగా ఇంటికాడికి ఒస్తాను" అని నన్ను దాటి వెళ్ళింది. పదడుగులు వేశానో లేదో వెనక చప్పుడు. తిరిగాను. గంప రోడ్డు మీద బోర్లా పడి ఉంది. దాని పక్కన బుల్లమ్మ. కొంచెం అవతల ఆగిన తెల్ల మేజిక్ బండి, ఊళ్ళ మధ్య జనాన్ని తిప్పేది. నంబరు మంచులో కనబడలేదు. బండిలోంచి ఒక అయ్యప్ప స్వామి దిగాడు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, మెడలో మాల, గడ్డం, నుదుట గంధం. మా వైపు నాలుగడుగులు వేశాడు. నన్ను చూశాడు. కుడి కనుబొమ మీద తెగిన గీత, అక్కడ వెంట్రుకలు లేవు. వెనక్కి వెళ్ళి బండెక్కి పోయాడు. నేను పరుగెత్తి బుల్లమ్మ తల ఒళ్ళోకి తీసుకున్నాను. ఆసుపత్రికి చేరకముందే పోయింది.

మిల్లు గోడ మీద ఎరువుల కంపెనీ నీలం రాతలు. అందులో ఒక 'న' తలకట్టు దగ్గర సున్నం పెచ్చు లేచి, దాని కింద ఎర్ర చీమలు. ఇదెందుకు గుర్తుందో తెలియదు.

ఆ స్వామి పేరు నరేష్. ముందు భాగం సొట్టపోయిన బండి పట్టుకుని పోలీసులు అతన్ని తెచ్చారు. గేదెను గుద్దానంటాడు. జనవరి నెలాఖరున జైల్లో ఎనిమిది మందిని వరసగా నిలబెడితే చెయ్యి చూపించింది నేను. గడ్డం లేదు, మాల లేదు, అయినా పట్టుకున్నాను. ఆ గీత వల్ల.

చూశాను. ఇందులో అనుమానం లేదు.

30 అక్టోబర్

అనుమానం లేదని రాయవలసిన అవసరం ఎందుకొచ్చింది?

3 నవంబర్, సోమవారం

బి.ఎడ్. పిల్లలకి స్మృతి పాఠం. పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నదే. అభ్యసనం, ధారణ, పునఃస్మరణ, గుర్తింపు. బోర్డు మీద నాలుగు మాటలు రాసి, కింద గీత గీసి, "జ్ఞాపకం అంటే బీరువాలో మడతపెట్టిన చీర కాదు. తీసిన ప్రతిసారీ మెదడు దాన్ని మళ్ళీ నేస్తుంది, ఆ పూట చేతికి దొరికిన నూలుతో" అన్నాను. ఏటా ఇదే వాక్యం. నేతగాళ్ళ ఊరు పొందూరు నుంచి వచ్చే పిల్లలు ఇక్కడ నవ్వుతారు.

తర్వాత ఏటా చేసే ప్రయోగం. మాటలు చదివాను: వల, పడవ, గాలం, గంప, ఉప్పు, అల, పులుసు, తెడ్డు, ముల్లు. రెండు నిమిషాలు ఆగి, విన్నవి రాయమన్నాను. నలభై ఒక్క మందిలో ముప్ఫై మంది 'చేప' అని రాశారు. నేను చదవలేదు. చదవలేదంటే రేఖ అనే అమ్మాయి లేచింది.

"మేడమ్, మీరు సదివినారు. పులుసుకి ముందు. నా సెవులతో విన్నాను."

"నేను చదవలేదమ్మా."

"ఒట్టు మేడమ్. మీ గొంతు కూడా గురుతున్నాది. 'చే' దగ్గర కొంచెం సాగదీసినారు."

క్లాసంతా నవ్వింది. ఏటా నేనూ నవ్వుతాను. ఇవాళ సుద్దముక్క కింద పడింది.

ఆ పిల్ల అబద్ధం ఆడలేదు. అదే భయం. అబద్ధమాడేవాళ్ళ గొంతు అలా ఉండదు.

6 నవంబర్

అసిరమ్మ వచ్చింది. బుల్లమ్మ కూతురు. ఇప్పుడు తల్లి గంప తనే మోస్తోంది. గేటు దగ్గర గంప దించి కూర్చుంది.

"ఇరవై నాలుగంట కదమ్మా. కానిస్టేబులు సెప్పినాడు."

"అవును."

"ఆడు కోర్టులో ఏటేటో అంటాడంట. గేదంట. గేదెకీ మాయమ్మకీ తేడా తెలీదేటి ఆడికి? నువ్వొక్కదానివే సూసినావు. ఒక్క మాట సెప్పీ, సాలు. ఇంకేటీ ఒద్దు మాకు."

"చెబుతాను అసిరమ్మా."

"నువ్వు సదూకున్నదానివి. నీ మాట కొట్టీలేరు."

కాఫీ ఇస్తే తాగి గ్లాసు తనే కడిగిపెట్టింది. ఎన్నిసార్లు వద్దన్నా అంతే.

ఆవిడ వెళ్ళాక నా స్టేట్‌మెంట్ నకలు తీసి చదివాను. 'కుడి కనుబొమ'. సరే.

8 నవంబర్, శనివారం

ప్రభుత్వ లాయరు జగన్నాధం గారు పిలిస్తే వెళ్ళాను. మంచి మనిషి. ఫ్యాను కింద కూర్చోబెట్టి స్టేట్‌మెంట్ చదివించారు. ఒకచోట ఆపారు.

"మేడమ్ గారూ, చిన్న సవరణ. కుడి అన్నారు. వాడికి ఎడమ వేపు ఉంది గీత."

"లేదండి, కుడే."

"పరేడ్ ఫొటో చూడండి పోనీ."

చూశాను. ఎడమ.

"ఎదుటివాడి కుడి మనకి ఎడమ కదండీ, ఎవరికైనా తికమకే. అవతలి లాయరు దీన్ని పట్టుకుంటాడు. రేపు కోర్టులో ఎడమ అని చెప్పీండి, అయిపోతాది."

తికమకే. నిజమే, ఎవరికైనా తికమకే. ఇంటికొచ్చాక అద్దం ముందు నిలబడి నా కుడి చెయ్యి, ఎడమ చెయ్యి పదిసార్లు ఎత్తి చూసుకున్నాను. మా ఆయన భాస్కర్ అప్పుడే చీపురుపల్లిలో డ్యూటీ దిగి వచ్చారు. సబ్‌స్టేషన్ బూట్లు విప్పుతూ, "ఏటి తులసీ, టీవీలో యోగా వస్తోందా?" అన్నారు.

9 నవంబర్

కళ్ళు మూసుకుంటే ముఖం ఉంది. గీత నా ఎడమ చేతి వైపు ఉంది. అంటే ఎదురుగా నిలబడిన మనిషికి కుడి వైపు. తికమక కాదు. నేను కుడి అనే చూశాను. అతనికి ఎడమ ఉంది.

12 నవంబర్

సాయంత్రం అయిదింటికి, ఎదురింటి మునగచెట్టు కింద ఒక స్వామి నిలబడి మా గేటునే చూస్తున్నాడు. నల్ల బట్టలు, మాసిన గడ్డం, గంధం. అతనే. బెయిలు మీద ఉన్నాడు కదా. నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ నిలబడే తీరు, ఆ భుజాలు. కనుబొమ మీద గీత కూడా కనబడింది.

తలుపు గడియ వేసి భాస్కర్‌కి ఫోన్ చేశాను. రైల్లో ఉన్నారు, మాట తెగిపోయింది. కిటికీ సందులోంచి చూస్తే గేటు తీసుకుని లోపలికి వస్తున్నాడు.

"మాతా! తలుపెందుకేసినావు? నాను, పాల కూర్మయ్యని!"

పదకొండేళ్ళుగా మాకు పాలు పోస్తున్న కూర్మయ్య.

"నలభై ఒక్క రోజులు మా పాప తెస్తాది పాలు, సెప్పీసి పోదామని ఒచ్చినాను. స్వాములు పిలవందే లోపలికి రారు గదా, నువ్వు సూస్తావని నిలబడ్డాను. ఏటమ్మా, మాలేసుకుంటే ఆనవాలు పట్టలేవేటి?"

కనుబొమలు చూశాను. రెండూ నిండుగా ఉన్నాయి. గీత లేదు. ఎప్పుడూ లేదు.

అతను వెళ్ళాక ఒక గంట వరండాలోనే ఉన్నాను. కార్తీకం వస్తే ఊరంతా ఒకటే బట్ట, ఒకటే గడ్డం, ఒకటే పేరు. ఎవరిని పిలిచినా స్వామే. రోజూ పొద్దున్నే చూసే ముఖాన్నే పోల్చుకోలేకపోయాను. పైగా లేని గీతను గీశాను.

మరి మంచులో, నాలుగు క్షణాల్లో, ఎప్పుడూ చూడని మనిషిని?

కానీ పరేడ్‌లో తేలిగ్గా పట్టుకున్నాను. గడ్డం లేకుండా. ఎప్పుడూ చూడని మనిషినైతే అలా ఎలా పట్టుకుంటాను? చూశాను కాబట్టే కదా. ఎక్కడో చూశాను.

ఎక్కడో అని ఎందుకు రాశాను?

15 నవంబర్, శనివారం

టీచింగ్ ప్రాక్టీస్ చూడటానికి శ్రీకూర్మం హైస్కూలుకి వెళ్ళాను. మేజిక్ బండిలో డ్రైవర్ వెనక సీటు. ఆ డ్రైవరుకి చెంప మీద దూదీ ప్లాస్టరూ. దారి పొడవునా ముందు అద్దంలో అదే కనబడుతోంది, నా ఎడమ చేతి వైపు. స్కూలు దగ్గర నేను గొడుగు మర్చిపోతే అతను దిగొచ్చి ఎదురుగా నిలబడి అందించాడు. ప్లాస్టరు నా కుడి చేతి వైపుకి వచ్చేసింది.

గొడుగు తీసుకోలేదు. అతను పట్టుకునే నిలబడ్డాడు.

"ఏటి మేడమ్, ఒంట్లో బాగోలేదా?"

"ఈ లైన్లో నరేష్ అని ఎవరైనా తిప్పేవాడా?"

"మన నరేషే కదండీ! రెండేళ్ళు ఇదే లైను. పాపం బండి ఇంకా స్టేషన్లోనే ఉన్నాది, తుప్పట్టిపోతన్నాది. మీరూ ఎక్కినారు ఆడి బండి. పోయినేడు ఈ టైంకే. మీరు కునుకుతుంటే 'మేడమ్, శ్రీకూర్మం' అని లేపీవాడు, మరిసిపోనారేటి?"

అద్దంలో ఎడమ ఎడమగానే ఉంటుంది. ఎదురుగా నిలబడితేనే మారుతుంది. నా దగ్గరున్న ముఖం అద్దంలో చూసిన ముఖం.

పిల్లల పాఠాలు ఏం చెప్పారో తెలియదు. అందరికీ 'బాగుంది' అని రాసిచ్చాను.

16 నవంబర్, ఆదివారం

నిజంగా ఎక్కానా అని తేల్చుకోవాలనిపించింది. డ్రైవరు మాటా ఒక జ్ఞాపకమే కదా. బీరువా మీద చుట్టిపెట్టిన పోయినేడాది క్యాలెండర్ దించాను. వంటింట్లో వేలాడినది, పోపు మరకలు ఇంకా ఉన్నాయి. నవంబర్ 18 నుంచి డిసెంబర్ 6 దాకా గళ్ళల్లో నా రాత, 'శ్రీకూర్మం', తొమ్మిది చోట్ల. ఎక్కాను.

క్యాలెండర్ చుట్టేయబోయాను. డిసెంబర్ 9 మీద ఎర్ర సున్నా.

నెలలు అటూ ఇటూ అవుతున్నాయని డాక్టరమ్మ తేదీలు గుర్తు పెట్టుకోమంది. మొదలైన రోజున ఎర్ర సున్నా. తొమ్మిదిన మొదలైతే పదకొండు మూడో రోజు.

పెన్ను పక్కన పెట్టి మళ్ళీ తీశాను. రాయకపోతే రేపటికి ఇది కూడా మారిపోతుంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా అమ్మమ్మ చెప్పింది. ఆ మూడు రోజులూ స్వామి ఎవరైనా ఎదురొస్తే పక్కకి జరిగి గోడ వేపు తిరిగి నిలబడు, నీ చూపు తగలకూడదు. తర్వాత నేను సైకాలజీలో ఎం.ఎ. చేశాను. ఇవన్నీ మూఢనమ్మకాలని క్లాసులో చెబుతాను. ఆ మూడు రోజుల్లో వంట చేస్తాను, నడకకి వెళతాను. కానీ రోడ్డు మీద నల్ల బట్ట కనబడితే నాకు తెలియకుండానే ఒళ్ళు తిరుగుతుంది. సైకిలు తొక్కడం లాంటిదే. అలవాటుకి మెదడులో వేరే దారి ఉంది, ఆలోచనని అడగదు. అదీ నేను చెప్పే పాఠమే, తర్వాతి పేజీలో.

నీలం 'న'. సున్నం పెచ్చు. చీమలు. తెల్లవారకముందు, మంచులో, ఆ చీమలు కనబడాలంటే గోడకి ఎంత దగ్గరగా ఉండాలి?

నేను గోడ వైపు తిరిగి ఉన్నాను. బండి లైటు గోడ మీద పడుతోంది. వెనకాల చెప్పుల్లేని అడుగులు నాలుగు వినబడ్డాయి. ఆగాయి. తిరిగి వెళ్ళాయి. బండి శబ్దం పూర్తిగా పోయేదాకా నేను తిరగలేదు. ఆ తర్వాతే పరుగెత్తాను.

అంతసేపూ బుల్లమ్మ రోడ్డు మీద ఉంది.

17 నవంబర్

ముఖం ఇంకా ఉంది. గోడ గుర్తొచ్చాక పోతుందనుకున్నాను.

19 నవంబర్

భాస్కర్‌కి చెప్పాను. క్యాలెండర్ చూపించాను. ఆయన దాన్ని చుట్టి మళ్ళీ బీరువా మీద పెట్టారు.

"వాడే గుద్దాడేమో తులసీ. బండి సొట్టపోయి ఉంది కదా."

"అయి ఉండొచ్చు."

"మరి నువ్వు ఎడమ అనీసి వచ్చీ. ఎవరికి తెలుస్తాది?"

"వాడు కాకపోతే?"

"నువ్వు చూడలేదంటే ఎందుకు చూడలేదని అడుగుతారు. అంతమంది మగాళ్ళ ముందు అది చెబుతావా? నీ స్టూడెంట్లు ఎవరో ఒకరు ఉంటారక్కడ."

ఆయన నా మంచికే అన్నారు. ఆ మాట విన్నాక ఒక గంట పాటు నాకు ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఎడమ అంటే చాలు. బుల్లమ్మకి న్యాయం, అసిరమ్మకి ఇచ్చిన మాట, నాకు పరువు, అన్నీ ఒక్క మాటలో వచ్చేస్తాయి.

22 నవంబర్

అద్దం ముందు సాధన చేశాను. "ఎడమ కనుబొమ మీద గీత ఉందండి." మూడోసారికి కళ్ళలో ఉన్న అతని ముఖం మారింది. గీత అటు నుంచి ఇటు వచ్చేసింది. నా కళ్ళ ముందే, అంత తేలిగ్గా. ఇంకో పదిసార్లు అంటే మొదటి నుంచీ అక్కడే ఉందని నేనే నమ్ముతాను. ఒట్టు కూడా వేస్తాను, రేఖలా.

వెంటనే ఆపేశాను. ఈ తలకాయని పట్టుకుని ఒక మనిషిని జైల్లో పెట్టమని ఎలా అడగను?

24 నవంబర్, సోమవారం

బోనులో నరేష్ మళ్ళీ నల్ల బట్టల్లో ఉన్నాడు. ఈ ఏడూ మాల వేసుకున్నాడు. ఒళ్ళు పక్కకి తిరగబోయింది. రెయిలింగు పట్టుకున్నాను. ఈసారి చూశాను. నా కుడి చేతి వైపు ఉంది గీత. ఎడమ కనుబొమ. చిన్నవాడు. పాతికేళ్ళు కూడా ఉండవు.

జగన్నాధం గారు అడిగారు. "ఆ రోజు బండి దిగిన వ్యక్తి ఇక్కడ ఉన్నాడా?"

"ఈయన్ని శ్రీకూర్మం బండి అద్దంలో చాలాసార్లు చూశానండి. ఆ రోజు రోడ్డు మీద దిగిన మనిషి ముఖం నేను చూడలేదు."

ఆయన కాగితాలు కింద పెట్టారు. మేజిస్ట్రేట్ గారు కళ్ళజోడు తీశారు.

"పరేడ్‌లో ఈయన్నే చూపించారు కదమ్మా?"

"చూపించానండి. గుర్తొచ్చిందనే అనుకున్నాను. ఆ గుర్తు ఆ రోజుది కాదు."

"ఎదురుగా వచ్చిన మనిషి ముఖం ఎందుకు చూడలేదు?"

నేను గోడ గడియారం వైపు చూస్తూ చెప్పాను. "నాకది నెలలో మూడో రోజండి. స్వామి ఎదురొచ్చాడని గోడ వేపు తిరిగిపోయాను. బండి వెళ్ళిపోయేదాకా తిరగలేదు."

టైపు చప్పుడు ఆగింది. టైపు చేసే అబ్బాయి మెల్లిగా, "ఇదీ కొట్టమంటారా సార్?" అన్నాడు.

"చెప్పింది చెప్పినట్టు కొట్టు."

మళ్ళీ మొదలైంది. ఒక్కో అక్షరమూ నాకు వినబడింది.

వసారాలో అసిరమ్మ గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"స్వామిని సూసి మొకం తిప్పీసినావు. సరే. మేమూ తిప్పుకుంటాం." లేచి నిలబడింది. "పడిపోయిన మాయమ్మని సూసి కూడా తిప్పీసినావేటమ్మా?"

25 నవంబర్

కాలేజీకి వెళ్ళలేదు.

11 డిసెంబర్, గురువారం

కేసు ఇంకా నడుస్తోంది. సొట్ట గురించి మెకానిక్కుని పిలుస్తారట. నరేష్ గుద్దాడో లేదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. కళ్ళు మూసుకుంటే మంచులోంచి అతనే నడిచొస్తాడు, ఇప్పటికీ. అది అబద్ధమని తెలిసినా నా మెదడు దాన్ని చెరపడం లేదు.

పొద్దున్న గేటు చప్పుడు. అసిరమ్మ. పదిహేడు రోజుల తర్వాత. గంప దించలేదు. నెత్తి మీదే పెట్టుకుని నిలబడింది.

"ఈ పొద్దుకి ఏడాది."

"తెలుసు."

"ఒకటడుగుతాను. కోర్టులో సెప్పినట్టే సెప్పు. తర్వాతైనా ఒళ్ళో ఎట్టుకున్నావు గదా. మాయమ్మ ఏటైనా అన్నాదా? నన్నేటైనా పిలిసినాదా?"

ఏడాదిగా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. పోలీసులు అడగలేదు. అడిగిన ఆ క్షణంలోనే వినబడింది, స్పష్టంగా, బుల్లమ్మ గొంతుతో, కొంచెం సాగదీసి, "అసిరీ" అని. ఒళ్ళో ఆవిడ తల బరువు కూడా తెలిసింది.

ఆ మాట ఇంతకుముందు నాలో ఉందా? అసిరమ్మ అడిగాక వచ్చిందా? వెతికాను. వెతికిన కొద్దీ ఇంకా గట్టిగా వినబడింది.

అసిరమ్మ నా నోటి వైపే చూస్తోంది.

"గుర్తు లేదు అసిరమ్మా."

ఆవిడ తల ఊపబోయింది. గంప కదిలింది, చేత్తో సర్దుకుంది. "అన్నాది అనీసినా సరిపోయీది నాకు" అంది. తిట్టినట్టు లేదు. తిరిగి రోడ్డెక్కింది. మలుపు దాటేదాకా "నెత్తళ్ళమ్మా, నెత్తళ్ళు" అని ఆవిడ కేక వినబడింది. తల్లి గొంతే.

పైన బుల్లమ్మ అన్నదని రాసిన ఆ ఒక్క మాటని రాసిన వెంటనే కొట్టేశాను. మూడు గీతలు గీశాను. అయినా చదవడానికి వస్తోంది.